మూడు శాస్త్రాలు, ఒకే రసీదు

వారం తిరక్కుండా దేశంలోని ప్రతి లెక్చరర్‌కీ ఒక మెయిల్ వస్తుంది. "ప్రముఖ పరిశోధకులైన మీకు శుభోదయం" అని మొదలవుతుంది, వచ్చింది రాత్రి పదకొండింటికైనా సరే. మీ కృషి చూసి మా సంపాదకవర్గం ముగ్ధమైపోయిందంటుంది. ఆ కృషి ఏమిటో మాత్రం చెప్పదు. మా అంతర్జాతీయ బహుళశాస్త్ర పత్రికకు క్వాంటమ్ ఫిజిక్స్, డేటాబేస్ భద్రత, అంతర్జాతీయ అర్థశాస్త్రం, హోమ్ సైన్స్, యోగా, వీటిలో దేనిమీదైనా వ్యాసం పంపండి, గడువు రేపే అంటుంది. అడుగున పత్రిక స్థాయిని చూపే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, రెండు దశాంశ స్థానాలతో సహా. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కగట్టేది క్లారివేట్ సంస్థ. వీళ్లది ఎవరు లెక్కగట్టారని అడగడం మర్యాద కాదు.

ఇన్ని శాస్త్రాలు ఒకే అట్టల మధ్య ఎలా ఇముడుతాయని కొందరు ఈర్ష్యాపరులు అడుగుతుంటారు. పాపం, వాళ్లకు తెలియదు. ఈ పత్రికలు ఆ శాస్త్రాలను అచ్చువేసి ఊరుకోవు, రోజూ ఆచరిస్తాయి.

ముందు క్వాంటమ్ సంగతి. కొలిచేదాకా కణం ఫలానా స్థితిలోనే ఉందని చెప్పలేమంటుంది పాఠ్యపుస్తకం. ఎవరూ చదవనంతకాలం వ్యాసం ఒప్పూ కాదు, తప్పూ కాదు అంటుంది పత్రిక. అందుకే చదవరు. సదస్సులదీ ఇదే తీరు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీకి చెందిన క్రిస్టాఫ్ బార్ట్‌నెక్‌కు 2016లో ఓ అణుభౌతిక శాస్త్ర సదస్సు నుంచి పిలుపొచ్చింది. ఆయన చదువు వేరు. సరేనని యాపిల్ ఆటోకంప్లీట్ తెరిచి, 'అటామిక్' అనో 'న్యూక్లియర్' అనో వాక్యం మొదలుపెట్టి, తర్వాత అది చూపించిన మాటలనల్లా నొక్కుతూ పోయారు. మూడు గంటల్లో ఆమోదం వచ్చింది, 1,099 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు కబురుతో సహా. ఇరవై ఏళ్ల ముందు, 1996లో, న్యూయార్క్ యూనివర్సిటీ భౌతికశాస్త్రవేత్త అలన్ సోకల్ కూడా క్వాంటమ్ గురుత్వాకర్షణ మీద కావాలనే అర్థంపర్థం లేని వ్యాసం రాసి 'సోషల్ టెక్స్ట్' అనే పత్రికలో అచ్చేయించారు. కానీ ఆ పత్రిక ఆయన దగ్గర పైసా తీసుకోలేదు. ఆ రోజుల్లో మోసపోవడం కూడా ఉచితమే.

ఇక డేటాబేస్ భద్రత. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని ఆపాలి అన్నదే ఈ శాస్త్రానికి ప్రాణం. పత్రికలో అన్ని తలుపులూ బార్లా తెరిచే ఉంటాయి. ఓటీపీ అడిగేది ఒక్క ఫీజు కట్టే పేజీయే. ఆ పేజీకి దారితీసే సమీక్షకుల అభిప్రాయం ఇలా ఉంటుంది: "చాలా బాగుంది. మార్జిన్లు సరిచేయండి. చెల్లింపు స్క్రీన్‌షాట్ పంపండి." అమెరికాకు చెందిన ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఇలాంటి మెయిళ్లతో విసిగి 2005లో ఓ 'వ్యాసం' తయారుచేశారు. మీ జాబితాలోంచి నన్ను తీసేయండి అనే అర్థమొచ్చే ఏడు ఇంగ్లిష్ మాటలు, అందులో ఒకటి బూతు. అవే మళ్లీ మళ్లీ, పది పేజీల నిండా, గ్రాఫుతో సహా. 2014లో ఆస్ట్రేలియా ఆచార్యుడు పీటర్ వాంప్లూ దాన్ని ఓ కంప్యూటర్ పత్రికకు పంపిస్తే, 'అద్భుతం' అని మార్కులేసి 150 డాలర్లు పంపమన్నారు. తీసేయమన్న మొర మాత్రం ఎవరి చెవినా పడలేదు.

వ్యాసాల గేటు సంగతి ఇది. సంపాదకుల గేటు ఇంకా వెడల్పు. పోలండ్ పరిశోధకులు 2015లో అన్నా ఓ. షుస్త్ అనే లేని మనిషిని సృష్టించి, నాసిరకం అర్హతలు తగిలించి, 360 పత్రికలకు సంపాదకురాలిగా దరఖాస్తు పెట్టించారు. 48 పత్రికలు రమ్మన్నాయి. పోలిష్‌లో ఆ 'ఓ. షుస్త్' కలిపి చదివితే మోసగాడు అని వినిపిస్తుంది. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడట. ఈ పత్రికలకు పుట్టని మనిషి కూడా నడిచొస్తుంది.

అర్థశాస్త్రంలోనైతే మనవాళ్లు ప్రపంచానికే పాఠం చెప్పారు. స్వదేశీ రచయితకు రూపాయల్లో, విదేశీకి డాలర్లలో ఫీజు, సరుకు ఒకటే. 2013లో 'సైన్స్' పత్రిక తరఫున జాన్ బొహానన్, ఎవరు చదివినా తప్పులు కనిపించే ఓ క్యాన్సర్ మందు వ్యాసాన్ని పేర్లు మార్చి 304 పత్రికలకు పంపారు. 157 ఒప్పుకున్నాయి, 98 తిప్పికొట్టాయి. మనదేశపు పత్రికల్లో ఒప్పుకున్నవి 64, కాదన్నవి 15. ఎగుమతుల్లో హైదరాబాద్‌కూ వాటా ఉంది. ఇక్కడి ఒమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష జరుగుతుందని నమ్మించారు, ఫీజు సంగతి ముందు చెప్పలేదు, అనుమతి లేకుండా శాస్త్రవేత్తల పేర్లు వాడుకున్నారు అని అభియోగం. సంస్థ కాదంది. 2019లో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. మన రూపాయల్లో అప్పటి లెక్కకు దాదాపు 350 కోట్లు.

పత్రికలను తిట్టడం తేలికే. గిరాకీ లేనిదే దుకాణం ఉండదు. 2010లో యూజీసీ ప్రమోషన్లకు వ్యాసాల పాయింట్లు పెట్టింది. అప్పటినుంచి కమిటీలు వ్యాసాలను చదవడం మానేసి లెక్కపెట్టడం నేర్చుకున్నాయి. ఐఎస్ఎస్ఎన్ ఉందా అంటే ఉంది. అది గుర్తింపు సంఖ్యే తప్ప యోగ్యతాపత్రం కాదు, ఆధార్ ఉన్నవాళ్లంతా మంచివాళ్లని ఎవరూ అనరు కదా. 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేసింది. అంటే అంతకుముందు వాటిని ఆమోదించిందీ తనే. తర్వాత 'కేర్' పేరుతో కొత్త జాబితా తెచ్చింది. 2025లో దాన్నీ ఎత్తేసి, మంచీ చెడూ యూనివర్సిటీలే చూసుకోవాలంది. కాపలాదారు ఇంటికెళ్తూ తాళం చేతులు వీధిలోవాళ్లందరికీ పంచిపెట్టాడు.

ఖర్చు లేని మందొకటి ఉంది. ఇంటర్వ్యూలో అభ్యర్థిని, మీ జాబితాలో మీకు నచ్చిన వ్యాసం ఒక్కటి, కాగితం చూడకుండా పది నిమిషాలు వివరించండి అనాలి. అంతకుమించి అక్కర్లేదు, సగం పత్రికలు సంక్రాంతిలోపు మూతపడతాయి. చిక్కల్లా ఒకటే. ఆ పది నిమిషాలు విని బాగోగులు తేల్చాల్సిన పెద్దల్లో ఎందరు ఆ పత్రికల రసీదులతోనే ఆ కుర్చీల దాకా వచ్చారో, ముందు వాళ్లనే అడగాలి.