గాలి లేని తెరచాప

జాంజిబార్ బీచిలో టికెట్టు కొన్న ప్రతివాడూ సింద్‌బాదే. “వెయ్యేళ్ల నాటి తెరచాప ప్రయాణం, పాత పట్నం, చేతిపనులు, సూర్యాస్తమయం, అన్నీ ఒక్క మధ్యాహ్నంలో” అని కరపత్రం. నేనూ కొన్నాను. కాబట్టి తిట్టే హక్కు నాకుంది.

పడవ మాత్రం ముచ్చటగా ఉంది. దాన్ని అక్కడ జహాజీ అంటారు. సరంగు తాడు లాగగానే మూడు మూలల తెరచాప విచ్చుకుంది, ఫోన్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి. పడవే లేవలేదు. వెనకున్న కుర్రాడు టార్పాలిన్ తీసి, మోటారు తాడు ఒక్క గుంజు గుంజాడు. అప్పుడు కదిలింది. పైన తెరచాప ఉతికి ఆరేసిన దుప్పటిలా టపటపా కొట్టుకుంటూనే ఉంది.

“గాలేదయ్యా?” అన్నాను.

“గాలి కోసం ఆగితే ఊరు చూడటం రేపే, బ్వానా” అన్నాడు. ఆ పడవలో నిజం చెప్పినవాడు వాడొక్కడే.

ఆగడం వల్ల పుట్టిన ఊరండీ అది! డిసెంబరు నుంచి మార్చి దాకా వీచే కస్కాజీ, అంటే ఈశాన్య గాలి, పట్టుకుని గుజరాత్ నుంచీ ఒమన్ నుంచీ వర్తకులు వచ్చేవారు. తిరిగి వెళ్లాలంటే నైరుతి నుంచి కూసీ గాలి లేవాలి. అందాకా నెలల తరబడి అక్కడే కాపురం. కొందరు ఉండిపోయారు కూడా. పగడపు రాయి, సున్నం పెట్టి ఇళ్లు కట్టారు. పైకప్పులకు మడచెట్ల వాసాలు వేశారు గనక, వాసం ఎంత పొడవుంటే గది అంతే వెడల్పు. చదరంగా ఉండే తలుపు ఒమన్ వాటం, పైన కమాను తిరిగిందా, ఇండియా వాటం. ఇంతమంది ఇన్నాళ్లు ఆగితే తయారైన ఊరికి 2000లో యునెస్కో వారసత్వ హోదా ఇచ్చింది. మా ప్యాకేజీ నలభై నిమిషాలు ఇచ్చింది.

ఫొరొధాని ఒడ్డున దిగీ దిగగానే గైడు మమ్మల్ని ఒక తలుపు ముందు నిలబెట్టాడు. దాని ఇత్తడి ములుకులు చూపించి గొంతు తగ్గించి, “ఏనుగులు కుమ్మకుండా” అన్నాడు. అందరూ గంగిరెద్దుల్లా తలూపారు. గోల్కొండ దర్వాజా ముందు ఇదే మాట విని పెరిగినవాణ్ణి. అక్కడ ఏనుగులుండేవి, వాటిని తోలుకొచ్చే శత్రువులుండేవారు. ఇక్కడేమో సందులో సైకిలొస్తే గోడకు బల్లిలా అతుక్కోవాల్సొచ్చింది. ఏనుగు దూరితే వెనక్కి తిరగడం ఎలా? దీవిలో అసలు ఏనుగులుంటే కదా! ఇండియా నుంచి సముద్రం దాటి వచ్చిన అలవాటు ఆ ములుకులు. యజమాని కలిమికి గుర్తు, అంతే. ఏనుగుల ముచ్చట మాత్రం పాతదే. 13వ శతాబ్దం చివర మార్కో పోలో ఇక్కడ ఏనుగులు బోలెడని రాసిపెట్టాడు. ఆయన ఈ దీవి మొహమైనా చూడలేదు. ప్యాకేజీ టూర్లకు మూలపురుషుడన్నమాట.

తర్వాత “తరతరాల జాంజిబార్ కళ” అమ్మే కొట్టు. అన్నీ టింగాటింగా బొమ్మలు. ఏనుగులు దొరికింది ఇక్కడే, అట్టల మీద. ఎడ్వర్డ్ సయీది టింగాటింగా అనే ఆయన 1968 ప్రాంతంలో దార్ ఎస్ సలామ్‌లో, సముద్రానికి అవతలి ఒడ్డున, ఎనామిల్ రంగులతో మొదలెట్టిన పద్ధతి అది. మా చిన్న మేనమామ కంటే వయసులో చిన్నది. బొమ్మలు బాగున్నాయి, ఒకటి కొన్నాను కూడా. వాటికి ఈ దొంగ జాతకం ఎందుకో!

నిజంగా చేతిపని చేస్తున్న మనిషి పక్క సందులో కనిపించాడు. కరపత్రంలో ఆయన లేడు. నేల మీద పడుకోబెట్టిన తలుపు చట్రం మీదికి వంగి, ఉలితో పువ్వు రేక చెక్కుతున్నాడు. రెండు దెబ్బలు కొట్టడం, పొట్టు నోటితో ఊదడం, బొటనవేలితో తడిమి చూడటం, మళ్లీ రెండు దెబ్బలు. తలుపు పూర్తవడానికి ఎన్నాళ్లు పడుతుందని సైగ చేశాను. మూడు వేళ్లు చూపించాడు. రోజులా, నెలలా అని అడగబోతుంటే రేవులో మోటారు స్టార్టయింది.