మా రోజుల్లో ముందు గైడు, తర్వాతే ఫారం

మా రోజుల్లో పరిశోధనలో చేరాలంటే ముందు గైడు గారి గది బయట బెంచీ మీద చేరాలి. పొద్దున్న పదింటికి కూర్చుంటే, ఆయన క్లాసు అయ్యి, మీటింగు అయ్యి, భోజనమూ కునుకూ అయ్యి, ఏ నాలుగింటికో తలుపు సందులోంచి చూసి "ఏమిటోయ్?" అనేవారు. "మీ దగ్గర పీహెచ్‌డీ చేద్దామని సార్." "దేని మీద?" అక్కడితో సగం మంది ఇంటిదారి పట్టేవాళ్లు. దేని మీదో చెప్పగలిగినవాడికి రెండో ప్రశ్న: "నీళ్లలో దిగుతావా?" ఫారం, ఫీజు, గెజిటెడ్ ఆఫీసరు సంతకం, గుమాస్తా గారి కొర్రీలు, అవన్నీ తర్వాత. ముందు ఒక మనిషి ఇంకో మనిషిని చూసి సరేననాలి.

ఇప్పుడు మొదట ఫారం, చివర్నా ఫారమే. మధ్యలో మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

మా మనవరాలు హైదరాబాదులో బీటెక్ సివిల్ చేసింది. పర్యావరణ శాస్త్రంలో పై చదువు, అదీ థీసిస్ రాసే చదువు, అదీ అమెరికాలో చేస్తానంటోంది. సంతోషమే. మా ఇంట్లో నా తర్వాత మురికినీటి మీద మనసుపడ్డ మనిషి అదొక్కతే. అయితే ఆ పిల్ల మొదటగా చేసిన పనేమిటి? ఏదైనా చెరువుకి వెళ్లిందా? లేదు, కన్సల్టెన్సీకి వెళ్లింది. అక్కడ టై కట్టుకున్న కుర్రాడొకడు దాని మార్కులు చూసి, "ప్రొఫైల్ బావుంది" అని, ఒక ఎక్సెల్ షీటు చేతిలో పెట్టాడు. అందులో యూనివర్సిటీలు మూడు రకాలట: యాంబిషస్, మోడరేట్, సేఫ్. ఎంసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టుకున్నట్టే. మా వాడు కూడా పక్కనుంచి, "నాన్నా, ఇప్పుడంతా ఇంతే, మీకు తెలీదు" అన్నాడు. నాకు తెలీదట! నలభై ఏళ్లు పరిశోధక విద్యార్థుల్ని ఏరుకున్న మనిషిని.

ఆ షీటు చూశాక రక్తపోటు మాత్ర ఇంకోటి వేసుకోవాల్సొచ్చింది. అందులో కోర్సులు చదివి బయటికొచ్చే డిగ్రీలూ, థీసిస్ డిగ్రీలూ ఒకే వరసలో ఉన్నాయి. ఈ రెండూ వేరు. యేల్‌లోనే చూడండి, పర్యావరణ నిర్వహణలో ఒక మాస్టర్స్, పర్యావరణ శాస్త్రంలో ఒక మాస్టర్స్ పక్కపక్కనే ఉంటాయి. మొదటిది ఉద్యోగానికి తయారుచేసేది, రెండోది పరిశోధనకి. మొదటి రకంలో చాలామంది తమ డబ్బు పెట్టుకుని చదువుకుంటారు. రెండో రకంలో ఎవరో ఒక ప్రొఫెసరు మిమ్మల్ని తన దగ్గరికి తీసుకోవాలి. కెనడాలో చాలా చోట్ల అయితే సూపర్‌వైజరు ఒప్పుకోనిదే ఫైలు కదలదు. ఇదంతా ఆ టై కుర్రాడికి ఫోన్లో చెబితే, "అంకుల్, రెండూ ఎమ్మెస్సే కదా" అన్నాడు. ఫోను పెట్టేశాను.

తల్లిదండ్రులకి చెప్పి చెప్పి నోరు పడిపోయింది, మీకూ ఒకసారి చెబుతాను. పరిశోధన సీటుకి ర్యాంకు లేదు. అక్కడి ప్రొఫెసరుకి ఏదో ప్రభుత్వ సంస్థ గ్రాంటు ఇస్తుంది. ఫలానా నదిలో నైట్రేటు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చమని, మూడేళ్లకో నాలుగేళ్లకో. ఆ డబ్బులోంచే విద్యార్థికి జీతం, ఫీజు. రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అంటే అదే. గ్రాంటు ఉంటే చోటుంది, లేకపోతే మీ పిల్ల బంగారు పతకం మెళ్లో వేసుకుని వెళ్లినా చోటు లేదు. ఈ మధ్య అక్కడ గ్రాంట్లకీ గండం వచ్చింది. అమెరికా పర్యావరణ సంస్థ తన సొంత పరిశోధన విభాగాన్నే మూసేస్తున్నట్టు 2025 జూలైలో ప్రకటించింది. అలాంటప్పుడు ప్రొఫెసరు మొదట చూసుకునేది ఏమిటి? ఈ పిల్ల నా పనికి పనికొస్తుందా, నా నదిలో దిగుతుందా అని. అంటే మా బెంచీ ప్రశ్నే. బెంచీ పోయి మెయిలొచ్చింది, ప్రశ్న మారలేదు. ఈ సంగతి ఎక్సెల్ షీటులో ఏ గడిలోనూ లేదు.

మా కాలంలో ఈ సబ్జెక్టుకి పేరే సరిగా స్థిరపడలేదు. నేను జువాలజీ వాణ్ణి. పక్క డిపార్టుమెంటు బోటనీ వాళ్లు నాచు చూసేవాళ్లు, కెమిస్ట్రీ వాళ్లు నీళ్లు చూసేవాళ్లు, మేం ఆ నీళ్లలో ఈదే పురుగుల్ని లెక్కపెట్టేవాళ్లం. ముగ్గురం ఒకే చెరువు గట్టు మీద కలిసినా ముగ్గురివీ మూడు థీసిసులు. నీటి కాలుష్య చట్టం 1974లో వచ్చింది. నాగపూర్‌లో ప్రజారోగ్య ఇంజినీరింగు సంస్థగా ఉన్నది 'నీరి' అయ్యిందీ ఆ ఏడాదే. నల్గొండ ఫ్లోరైడు నీళ్లని పటికా సున్నంతో బాగుచేసే పద్ధతి వాళ్లదే, ఊరి పేరే పెట్టారు దానికి. గాలికి చట్టం 1981లో. 1984లో భోపాల్ జరిగాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాక, అప్పటిదాకా మమ్మల్ని 'కప్పల మాస్టార్లు' అన్నవాళ్లే ఎక్స్‌పర్ట్ కమిటీలకి పిలవడం మొదలుపెట్టారు. ఇప్పుడో? సుప్రీంకోర్టు 1991లో చెప్పిన పుణ్యాన డిగ్రీ చదివే ప్రతివాడికీ పర్యావరణం తప్పనిసరి పేపరు. పరీక్షకి రెండు రాత్రుల ముందు గైడు కొని పాసైపోతారు. సబ్జెక్టు అందరికీ అందింది, ఆసక్తి ఎవరికీ అందలేదు.

పుస్తకాల సంగతి సరేసరి. ఓడమ్ గారి ఎకాలజీ పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉండేది, అదీ ఎప్పుడూ ఎవరో లెక్చరరు ఇంట్లోనే ఉండేది. విదేశీ పత్రికలో ఒక వ్యాసం కావాలంటే రచయితకే రీప్రింట్ కార్డు రాయాలి. పోస్టుకార్డు మీద అచ్చేసిన వాక్యాలుంటాయి, వ్యాసం పేరు మాత్రం మనం నింపాలి. నెలలు గడిచాక ఏ స్వీడన్ నుంచో గోధుమరంగు కవరు వచ్చేది. ఆ స్టాంపుల కోసం పోస్ట్‌మాన్ కొడుకు కాచుకుని ఉండేవాడు. అలా వచ్చిన వ్యాసాన్ని అక్షరం వదలకుండా చదివేవాళ్లం, వేరే గతి లేదు కనక. ఇప్పుడు మా మనవరాలి కంప్యూటర్లో వందల పీడీఎఫ్‌లున్నాయి. చదివావా అంటే, "డౌన్‌లోడ్ చేశాను తాతయ్యా" అంటుంది.

నా థీసిస్ కొల్లేరు మీద. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసే నీళ్లు, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే నీళ్లు. అప్పటికింకా ఇన్ని చేపల చెరువుల గట్లు లేవు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో పెట్టారు, 2006లో గట్లు పేల్చారు. ఇవన్నీ నేను రిటైరు కావడానికి అటూ ఇటూ జరిగాయి. మేం నాటు పడవలో తెల్లారకముందే బయల్దేరేవాళ్లం. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి వింక్లర్ అనే హంగేరీ ఆయన 1888లో చెప్పిన పద్ధతే దిక్కు. గాలిబుడగ చొరబడకుండా సీసా నింపి, పడవలోనే మాంగనీస్ సల్ఫేటూ, క్షారం కలిపిన అయొడైడూ పోసి మూత బిగించాలి. గోధుమరంగు మడ్డి దిగితే ప్రాణం లేచొచ్చేది. తెల్లగానే ఉండిపోతే ఆ నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే. గట్టుకొచ్చాక ఆమ్లం పోసి, పిండి ద్రావణం వేసి, థయోసల్ఫేటుతో టైట్రేషన్. నీలం పోయేదాకా చుక్క చుక్క. చేతులు అయొడిన్ కంపు. ఆ చేతులతోనే పెరుగన్నం.

ఆ అన్నం తిన్నవాణ్ణి కనక, మనవరాలి ఎస్‌ఓపీ చదువుతుంటే ఊరుకోలేకపోయాను. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అట, ఎందుకు చదవాలనుకుంటున్నావో రెండు పేజీల్లో చెప్పుకోవడం. మొదటి వాక్యం: చిన్నప్పటి నుంచీ నాకు ప్రకృతి అంటే ఎనలేని ప్రేమ. ఈ పిల్లకి చిన్నప్పుడు బల్లి కనిపిస్తే మంచం మీంచి దిగేది కాదు. రెండో పేరాలో వాతావరణ మార్పు, మూడో పేరాలో సుస్థిరాభివృద్ధి, నాలుగో పేరాలో మీ విశ్వవిద్యాలయపు గొప్ప వాతావరణం. యూనివర్సిటీ పేరు దగ్గర పసుపు రంగు పూసి ఉంది, పదిచోట్లకీ పేరు మార్చి పంపడానికి.

"ఇందులో నీ ప్రశ్నేదే?" అన్నాను.

"ప్రశ్నేంటి తాతయ్యా?"

"నీకు తెలీనిది ఏమిటి? తెలుసుకోకపోతే నిద్ర పట్టనిది ఏమిటి?"

అప్పుడు ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి చూపించింది. కాలనీ పక్కనున్న చెరువుని ఉపగ్రహ చిత్రాల్లో చూసిందట, ఐదు రోజులకోసారి యూరప్ వాళ్లు ఉచితంగా ఇచ్చే బొమ్మల్లో. నీళ్లలో పచ్చదనం ఎంతుందో లెక్కకట్టింది. పనిలో పనిగా కాలేజీ ప్రోబు తీసుకెళ్లి ఆక్సిజన్ కూడా కొలిచింది. బ్రహ్మాండంగా ఉంది, చెరువు ఆరోగ్యంగా ఉందని తేల్చింది. మా కాలంలో శాటిలైట్ బొమ్మ ఒక్కటి కొనాలంటే డిపార్టుమెంటు బడ్జెట్ వణికేది, కాబట్టి అసూయ పడ్డానని మీరనుకుంటే అనుకోండి. నేను అడిగింది ఒక్కటే. "ఎన్నింటికి కొలిచావు?"

"పదిన్నరకి. శాటిలైట్ వచ్చేది ఆ టైముకే."

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్లు మండింది. నాచు నిండిన చెరువులో ఎండెక్కాక ఆక్సిజన్ పొంగి పొర్లుతుంది, నాచు కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది కనక. పొద్దుగూకాక ఆ నాచే, చేపలూ, అడుగు బురదలోని సూక్ష్మజీవులూ కలిసి దాన్ని తినేస్తాయి. సూర్యోదయానికి ముందు అడుగంటుతుంది. చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. కైకలూరు వైపు చేపల చెరువు కాపలావాణ్ణి అడగండి, రాత్రుళ్లు ఏరేటర్లు ఎందుకు తిప్పుతాడో చెబుతాడు. వాడికి డిగ్రీ లేదు. ఆక్సిజన్ బాగుందని చెప్పిన ఆ చెరువు, ఆ తెల్లవారుజామునే చచ్చి బతికి ఉండొచ్చు. ఉపగ్రహం పదిన్నరకి వచ్చి పచ్చదనం చూసి వెళ్తుంది. నాలుగింటికి జరిగేది దానికెవరు చెప్పాలి?

"నాలుగింటికి వెళ్లి కొలు" అన్నాను. మా కోడలు, "ఆడపిల్ల చీకట్లో చెరువు దగ్గరికేంటి మావయ్యా" అంది. వాళ్ల నాన్నని తోడు పంపమన్నాను. వాడికి మొహం మాడింది.

ఇక్కడే చేయకూడదా అని మీరడుగుతారు, నేనూ అడిగాను. ఇక్కడ ఇంకో గొడవ. నెట్ రాయాలి. 2024 జూన్ 18న రాసిన లక్షల మంది పరీక్షని మర్నాడే రద్దు చేశారు. గేట్‌లో ఈ సబ్జెక్టుకి విడిగా పేపరు 2021లోగానీ రాలేదు. ఎంఫిల్ ఎత్తేశారు. ప్రొఫెసరుకి ఎనిమిది మంది, అసోసియేటుకి ఆరుగురు, అసిస్టెంటుకి నలుగురు, అంతకు మించి స్కాలర్లని తీసుకోకూడదు. ఫెలోషిప్ మాత్రం 2023 నుంచి నెలకి 37,000. ఆ అంకె వింటే మా బ్యాచ్ వాళ్లు సమాధుల్లోంచి లేచొస్తారు.

మళ్లీ అమెరికా దారికొస్తే, జీఆర్‌ఈ సంగతి చెప్పకపోవడమే మేలు. మా స్నేహితులు బారన్స్ పుస్తకంలో మాటలు బట్టీ పట్టి, వాల్తేరులో మద్రాసు మెయిలెక్కి వీసాకి వెళ్లేవాళ్లు. 2008 దాకా హైదరాబాదులో అమెరికా కాన్సులేటే లేదు. ఇప్పుడా పరీక్షని రెండు గంటల లోపుకి కుదించారు, చాలా డిపార్టుమెంట్లు అసలు అడగడమే మానేశాయి. వీసా మొక్కుకి చిలుకూరు గుళ్లో చేసే ప్రదక్షిణలు మాత్రం తగ్గించలేదు, నూట ఎనిమిదే.

ఇక సిఫారసు ఉత్తరాలు. ముగ్గురు రాయాలి. మా గైడు గారు ఒక శిష్యుడికి ఉత్తరం రాయాలంటే రెండు రోజులు ఆలోచించేవారు. కవరు అంటించి, అంటించిన చోట సంతకం పెట్టేవారు. లోపల ఏముందో వాడికి జన్మలో తెలిసేది కాదు. ఇప్పుడు మాస్టారికి లింకు వస్తుంది. ఈ విద్యార్థి మొదటి 5 శాతంలో ఉందా, 10 శాతంలో ఉందా, టిక్కు పెట్టండి. ఉత్తరం అడిగితే, "నువ్వే రాసి తీసుకురామ్మా, నేను అప్‌లోడ్ చేస్తా" అన్నాట్ట మా మనవరాలి సారు ఒకాయన. నన్ను నేను పొగుడుకోవడం ఎలా అని అది నన్నడిగింది. నాకు చేతకాదన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి గట్టిగా దగ్గింది.

ఆ బెంచీ మీద ఆడపిల్లలు చాలా తక్కువగా ఉండేవాళ్లనీ, బెంచీ మీద కూర్చున్నవాడు గైడు గారి గ్యాస్ సిలిండరు కూడా మోయాల్సి వచ్చేదనీ నాకు గుర్తు లేక కాదు. కన్సల్టెన్సీ వాళ్ల ముందు అవన్నీ ఎందుకని దాచాను.

మొత్తానికి తండ్రీ కూతుళ్లు టార్చిలైటు పట్టుకుని వారం రోజులు తెల్లవారుజామున చెరువుకి వెళ్లారు. అంకెలు చూసి పిల్ల బిత్తరపోయింది. ఎస్‌ఓపీలో ప్రకృతి ప్రేమంతా కొట్టేసింది. ఒక ప్రొఫెసరుకి ఎనిమిది వాక్యాల మెయిలు రాసింది: మీ వ్యాసంలో సరస్సులకి పగటి కొలతలే వాడారు, మా చెరువులో పగలూ తెల్లవారుజామూ ఇంత తేడా ఉంది, మీ దగ్గర రాత్రి కొలతలున్నాయా? నాలుగు రోజులకి జవాబొచ్చింది. లేవని, ఉంటే బాగుండేదని, గ్రాంటు సంగతి జనవరిలో తేలుతుందని, డిసెంబరు గడువులోగా దరఖాస్తు మాత్రం పెట్టమని. సీటిస్తానన్న మాట అందులో ఎక్కడా లేదు. కన్సల్టెన్సీ కుర్రాడు ఆ యూనివర్సిటీని యాంబిషస్‌లోంచి తీసి మోడరేట్‌లో వేసి, గడికి ఆకుపచ్చ రంగు పూసి, ఆ మెయిలు తమ ట్రైనింగ్ వల్లే వచ్చిందని ఇంకో విడత ఫీజు అడిగాడట.