ఇద్దరూ కౌన్సిలర్లే

ఇంజనీరింగ్ సీటు కావాలంటే కౌన్సిలింగ్. టీచరుగారికి బదిలీ కావాలంటే కౌన్సిలింగ్. ఆలుమగలు కొట్టుకుని స్టేషనుకెక్కితే కౌన్సిలింగ్. తాగి బండి నడిపి దొరికితే కౌన్సిలింగ్. వినాయక నిమజ్జనం ముందు ఊళ్ళో రౌడీషీటర్లందర్నీ పిలిచి, వరసగా నిలబెట్టి, ఎస్సైగారు లాఠీ ఊపుతూ మాట్లాడితే అదీ కౌన్సిలింగే. ఇన్ని పనులు చేస్తున్న ఈ మాటకి ఇంగ్లీషువాడు ఇచ్చిన అర్థం ఒక్కటే: కూర్చోబెట్టి సలహా చెప్పడం.

నిజానికి మాట కూడా అది కాదు. పత్రికల వాళ్ళు శ్రద్ధగా 'కౌన్సెలింగ్' అని అచ్చు వేస్తారు, మనం అంతే శ్రద్ధగా 'కౌన్సిలింగ్' అని చదువుకుంటాం. కౌన్సిల్ అంటే సభ. దానికి నడుమ సీ, చివర ఐ ఎల్. కౌన్సెల్ అంటే సలహా, ఆ సలహా అమ్ముకునే వకీలు కూడా. దానికి నడుమ ఎస్, చివర ఈ ఎల్. సభలో కూర్చునేవాడు కౌన్సిలరు, సలహా చెప్పేవాడు కౌన్సెలరు. కౌన్సెల్‌ని క్రియగా వాడుకోవచ్చు, కౌన్సిల్‌ని వాడటానికి వీల్లేదు. అంటే మనందరం రోజూ అంటున్న 'కౌన్సిలింగ్' అనే మాట ఇంగ్లీషులో పుట్టనే లేదు. మన సొంతం. పేటెంటు తీసుకోవచ్చు.

ఈ తేడా తెలియకపోతే కొంప మునుగుతుందని ఇంగ్లీషు మాస్టర్లు బెదిరిస్తారు. మా పిన్ని విషయంలో కొంప నిలబడింది.

పిన్ని కొడుకూ కోడలూ దెబ్బలాడుకుని స్టేషనుదాకా వెళ్ళారు. అక్కడి రైటరుగారు కాగితం మీద ఏదో రాసి, "ముందు కౌన్సిలింగ్‌కి వెళ్ళండమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఎక్కడికో ఆయనా చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. పిన్నికి మాత్రం సందేహం కలగలేదు. కౌన్సిలింగ్ ఇచ్చేవాడు కౌన్సిలరు కాక ఎవరవుతాడు? వ్యాకరణం ప్రకారం ఆవిడ తర్కంలో దోషం లేదు. మొగుడూ పెళ్ళాలిద్దర్నీ ఆటో ఎక్కించి తిన్నగా వార్డు కౌన్సిలరుగారింటికి తీసుకుపోయింది. (హైదరాబాదులో అయితే ఈ సౌకర్యం లేదు. కార్పొరేషన్లో గెలిచినవాణ్ణి కార్పొరేటరంటారు. మున్సిపాలిటీ ఊళ్ళకే ఈ భాగ్యం.)

ఆయన అప్పుడే మురిక్కాలువ గొడవ ఒకటి తీర్చి కాఫీ తాగుతున్నాడు. వీళ్ళ కథంతా విన్నాడు. చదువుకున్న కౌన్సెలరైతే ఏం చేసేదో నాకు తెలుసు. ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి, చిన్నప్పుడు మీ నాన్న మిమ్మల్ని కొట్టేవాడా అని అడిగేది. ఈయన అడిగింది వేరు. "గొడవ ఏ టైముకి మొదలవుద్దమ్మా?"

"తెల్లారుజామున నాలుగింటికండీ" అంది కోడలు.

"రోజూనా?"

"రోజు విడిచి రోజండీ."

ఆయనకి అర్థమైపోయింది. వాళ్ళ వీధికి మున్సిపల్ కుళాయి వచ్చేది రోజు విడిచి రోజు, నాలుగింటికి. లేచి బిందెలు పట్టాల్సింది ఎవరన్నదే ఆ కాపురంలో అసలు పేచీ. మిగతాదంతా దాని మీద కట్టిన అంతస్తులు. కౌన్సిలరుగారు ఫోను తీసి వాల్వు తిప్పే కుర్రాణ్ణి పిలిచి, "ఆ వీధికి ఆరింటికి వదలరా" అన్నాడు. అంతే. ఇప్పుడు వాళ్ళకి ఇద్దరు పిల్లలు. ఆ వాల్వు తిరగడంతో నాలుగింటికి లేవాల్సి వచ్చిన పక్కవీధి కాపురాల సంగతి నేను విచారించలేదు.

ఈ రెండు మాటల కలగాపులగం మనతో మొదలైంది కాదు. లాటిన్‌లో సభ 'కొంకిలియుం', సలహా 'కొన్సిలియుం'. నోట్లో 'క' 'స'గా మెత్తబడేసరికి రెండూ కలిసిపోయాయి. ఫ్రెంచివాళ్ళు పోన్లే అని రెంటికీ ఒకే మాట వాడుకుంటున్నారు. ఇంగ్లీషువాళ్ళే చాలాకాలం ఎటుబడితే అటు రాసుకుని, తర్వాత పట్టుబట్టి విడగొట్టారు. విడగొట్టినవాళ్ళయినా సరిగ్గా పాటిస్తున్నారా అంటే, లండన్లో ప్రివీ కౌన్సిల్ అని ఒకటుంది. సభ కాబట్టి దానికి సీ. అందులో సభ్యుణ్ణి మాత్రం ప్రివీ కౌన్సెలర్ అని ఎస్‌తో రాస్తారు, రాజుగారికి సలహా చెప్పేవాడు కాబట్టి. పేరు సభది, హోదా సలహాది. అత్తారింటి పేరు ఒకటి, పుట్టింటి పేరు ఇంకొకటి పెట్టుకున్న పిల్లలా ఉంటుంది ఆ వ్యవహారం.

తెల్లదొరల కాలంలో మన వ్యాజ్యాలకి ఆఖరి అప్పీలు వినేదీ ఆ ప్రివీ కౌన్సిలే. అదంటే మన జమీందార్లకి మహా ప్రీతి. పిఠాపురం సంస్థానం వ్యాజ్యాలు అక్కడిదాకా వెళ్ళి 1899లో ఒకసారి, 1918లో మరోసారి తీర్పులు తెచ్చుకున్నాయి. 1949లో మనవాళ్ళు చట్టం చేసి ఆ దారి మూసేదాకా, గట్టు తగాదా వచ్చిన ప్రతి రైతూ "ప్రివీ కౌన్సిలు దాకా పోతా" అని మీసం తిప్పేవాడే. అలా పోయేవాళ్ళ పుణ్యాన ఎందరు కౌన్సెళ్ళు మేడలు కట్టారో! తప్పు, కౌన్సెళ్ళు అనకూడదు. వకీలు అర్థంలో ఆ మాటకి బహువచనం లేదట. పదిమంది వకీళ్ళు వచ్చినా కౌన్సెలే. ఫీజుకి మాత్రం బహువచనం ఉంది.

సలహా చెప్పే కౌన్సెలరుకీ, వాదించే కౌన్సెలుకీ తేడా స్పష్టంగా తెలిసిన చోటు ఒకటి ఉంది, ఫ్యామిలీ కోర్టు. 1984 నాటి చట్టం అక్కడ కౌన్సెలర్లు ఉండాలంటుంది, వకీలును పెట్టుకోవడం మాత్రం కక్షిదారు హక్కు కాదంటుంది. అంటే కౌన్సెలరు లోపల, కౌన్సెలు బయట. చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కోర్టు అనుమతి అన్న చిన్న సందులోంచి నల్లకోట్లు లోపలికి వచ్చేశాయి, అది వేరే సంగతి.

ఇక ఆంధ్రప్రదేశ్ శాసనమండలి, రాష్ట్రంలో కౌన్సిళ్ళన్నిట్లోకీ పెద్ద కౌన్సిల్. దానికి పెద్దల సభ అని ముద్దుపేరు. అసెంబ్లీ పంపిన బిల్లును మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, ఆ తర్వాత ఆపలేదు. అంటే ఉన్న అధికారమంతా ఇంట్లో ముసలాయనకుండేదే: "ఇంకోసారి ఆలోచించుకోరా" అనడం. పేరుకి సీ, పనికి ఎస్. ఇలా సలహా చెప్పేవాళ్ళని ఎంతకాలం భరిస్తారు? 1958లో పెట్టిన మండలిని 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేయించింది, 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తిరిగి తెప్పించింది, 2020 జనవరిలో జగన్ ప్రభుత్వం రద్దుకు తీర్మానం చేసి, 2021 నవంబరులో ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది. ఎవరైనా దానికి కౌన్సెలింగ్ ఇప్పిస్తే బాగుండును.

అన్నిట్లోకీ అన్యాయం ఎంసెట్ కౌన్సెలింగ్. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు, జనం నోట ఇంకా ఎంసెట్టే. పేరులో ఉన్న సలహా పనిలో ఎక్కడా లేదు. సర్టిఫికెట్లు చూస్తారు, ఫీజు కట్టించుకుంటారు, కంప్యూటరు సీటు ఇస్తుంది. ఏ బ్రాంచి తీసుకోనండీ అని అడిగితే హెల్ప్‌లైన్ సెంటర్లో అమ్మాయి మీవంక జాలిగా చూసి "నెక్స్ట్" అంటుంది. సలహాలన్నీ దొరికేది వెబ్ ఆప్షన్లు పెట్టే నెట్ సెంటర్లో. మా అక్క కొడుకు ఆప్షన్లు పెట్టేనాడు బాబాయి, పెదమావయ్య, ఎదురింటి రిటైర్డ్ లెక్చరరుగారు అందరం వెళ్ళాం. కుర్చీలు చాలక కొందరం నిలబడ్డాం. బాబాయి కంప్యూటర్స్ అన్నాడు, మావయ్య సివిల్ అన్నాడు, లెక్చరరుగారు ఏ కాలేజీలో ల్యాబులు లేవో చెప్పుకొచ్చారు. నెట్ సెంటరు కుర్రాడు కాలేజీ కోడ్ చెప్పండంటూ ఎవరు ముందు అరిస్తే వాళ్ళది కొట్టాడు. సీటు రావలసినవాడు బయట పునుగులు తింటున్నాడు.

సీటొచ్చింది. ఏదో కాలేజీలో మైనింగ్. ఆ ఆప్షను ఎవరు పెట్టించారన్న దాని మీద మావాళ్ళు ఇప్పటికీ సమావేశమవుతున్నారు. బాబాయి మాత్రం తాను ఆ టైముకి టీకి వెళ్ళానంటాడు.