కొనేవాడు మా జిల్లావాడు కాదు

మైక్రో ఎకనామిక్స్ పుస్తకం ఏది తెరిచినా అందులో ఉండేది ఇద్దరే మనుషులు. మొదటి సగంలో ఒకడు కొంటూ ఉంటాడు, రెండో సగంలో ఒకడు అమ్ముతూ ఉంటాడు. ఆ అమ్మేవాణ్ణి నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. లుంగీ ఎగగట్టి, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, భీమడోలు నుంచి కొల్లేరు వైపు బండి మీద పోతూ ఉంటాడు. కొనేవాడే, ఎంత వెతికినా మా ఏలూరు జిల్లాలో దొరకలేదు.

హైదరాబాద్‌లో చదివేటప్పుడు మాకు హాల్ వేరియన్ పుస్తకం పెట్టారు. 1987లో మొదటిసారి అచ్చయింది. రాసినాయన తర్వాత గూగుల్లో చీఫ్ ఎకనామిస్టుగా చేరారు. చదివిన మేము అదే గూగుల్లో ఆయన లెక్కలకి జవాబులు వెతుక్కున్నాం. ఆ పుస్తకంలో కొనేవాడు మహా స్థిరచిత్తుడు. ఏ రెండు వస్తువులు ముందు పెట్టినా ఏది కావాలో తడుముకోకుండా చెబుతాడు. రెండూ సమానమే అనిపిస్తే వాటిని ఉదాసీనతా వక్రరేఖ మీద కూర్చోబెట్టి, జేబులో డబ్బు చూసుకుని, తనకు చాలినంత కొనుక్కుని ఇంటికి పోతాడు. ఇంటికెళ్ళాక వాణ్ణి ఎవరూ ఏమీ అనరు.

మా అక్కకి పెళ్ళయిన మొదటి సంక్రాంతికి బావగారు వచ్చారు. నాకప్పటికి వినియోగదారుడి సిద్ధాంతం యూనిట్ అయిపోయి పరీక్ష మిగిలింది. బావగారిది అనంతపురం వైపు. తనకేం కావాలో, ఎంత కావాలో తెలిసిన మితభోజి. పుస్తకంలో కొనేవాడు నడిచి మా గుమ్మంలోకి వచ్చినట్టే లెక్క. మా అమ్మ, పిన్ని, మేనత్త కలిసి ఆయన్ని మూడు పూటల్లో పుస్తకానికి పనికిరాకుండా చేశారు.

పద్ధతి ఇదీ. ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి పక్కనున్న ఖాళీలో పాకం గారె పడుతుంది. రెండు చేతులూ అడ్డం పెడితే పిన్ని నవ్వుతూ ఆగుతుంది. మంచినీళ్ళు తాగడానికి ఏదో ఒక చెయ్యి తీయక తప్పదని ఆవిడకి తెలుసు. ‘వద్దండీ’ అన్నారా, అది మొహమాటం. ‘నిజంగా వద్దండీ’ అన్నారా, అలిగారేమోనని ఇంకో రెండు. మొదటి బొబ్బట్టుకున్న ఆనందం రెండోదానికి ఉండదనీ, పోనుపోను అది సున్నాకి దిగుతుందనీ గోసెన్ అనే జర్మన్ 1854లోనే రాశాడు. పుస్తకం అమ్ముడుపోక, మిగిలిన ప్రతులు వెనక్కి తీసుకున్నాడు పాపం. సూత్రంలో తప్పేం లేదు. సున్నా దగ్గర గిరాకీ ఆగుతుందన్నాడు, మా దగ్గరా ఆగుతుంది. సరఫరా ఆగదు, అంతే తేడా.

2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన సంగతి పేపర్లకెక్కింది. మా సారు రెండే రెండు వస్తువులతో బోర్డు నింపి, మూడోది అడిగితే ‘ఊహించుకోండి’ అనేవారు. అయితే ఒక్కదానితో కడుపు నింపుకోవడం కంటే అన్నీ తలా కాస్త తినడమే మనిషికి ఇష్టం అన్న నియమం మాత్రం ఆ విస్తట్లో నిలబడింది. ఆ మేరకు వేరియన్ గారికి మార్కులు వెయ్యాల్సిందే.

అసలు గొడవ ఎక్కడంటే, పుస్తకం ఒకే మనిషి అనుకున్న చోట మా ఇంట్లో నలుగురున్నారు. తినేది బావగారు, ఎంత తినాలో తేల్చేది అమ్మ, డబ్బు నాన్నది, ‘మీవాళ్ళు నన్ను చంపేస్తున్నారు’ అన్న మాట పడేది అక్క. ఈ నలుగురినీ కలిపి ఒక వక్రరేఖ గియ్యమంటే ఎవరి తరమూ కాదు.

పుస్తకం రెండో సగానికి వస్తే మాత్రం సొంతూళ్ళో రైలు దిగినంత హాయి. మా బాబాయికి గుండుగొలను అవతల లీజు చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతాడు. నీళ్ళలో వరసగా కర్రలు పాతి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి వాటికి కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. బాబాయి పడవలో కర్ర కర్రకీ ఆగి, మోచేతి దాకా చెయ్యి ముంచి సంచి అడుగు పిసికి చూస్తాడు. చప్పగా చేతికి అంటుకుపోతే రేపు ఇంకో కట్ట పెంచుతాడు, ముద్ద తగిలితే తగ్గిస్తాడు. కట్టిన చివరి సంచి చేపకి పడుతోందా, నీళ్ళ పాలవుతోందా అన్నదే లెక్క. ఉపాంత ఉత్పత్తి అని నేను కలనగణితం పెట్టి తేల్చింది ఇదే. నా చెయ్యి మాత్రం తడవలేదు.

ఆల్ఫ్రెడ్ మార్షల్ కూడా 1890 నాటి గ్రంథంలో ధర సంగతి చెప్పడానికి చేపల వ్యాపారాన్నే తీసుకున్నాడు. ఒక్కరోజు బజారులో పట్టిన చేప పట్టినంతే, వచ్చిన ధరకి అమ్ముకోవాలి. కొన్ని నెలలయితే అటకెక్కిన పడవలు దింపొచ్చు. ఏళ్ళ తరబడి అయితే కొత్తవి కట్టించొచ్చు. బానే ఉంది. అయితే మార్షల్ చేప ఒడ్డుకొచ్చేసరికే చచ్చిపోయింది. బాబాయి చేప నీళ్ళలో బతికే ఉంది. హౌరా చేపల బజార్లో ధర పడిందని ఫోనొస్తే పట్టుబడి ఆపుతాడు, ఐసూ ట్రేలూ లారీ అన్నీ వెనక్కి పోతాయి. చెరువే గోడౌను. కాకపోతే ఇందులో సరుకు రోజూ మేత తింటుంది. ధర లేచేలోపు మేత ఎంత మింగుతుందో చూసుకుని ‘ఇంకో వారం’ అంటాడు. లీజు సంగతి పిన్ని ఎత్తితే, ‘కట్టేసిన డబ్బు గురించి ఏడవకు, మేత ఖర్చన్నా తిరిగొస్తుందా లేదా, అది చూడు’ అంటాడు. ఈ ముక్కకి యూనివర్సిటీలో పది మార్కులు, బొమ్మ గీస్తే.

ఆశ కొద్దీ ఓ రెండెకరాల్లో వెనామీ రొయ్య కూడా వేస్తాడు. ఇక్కడే సాలెగూడు సిద్ధాంతం. 1934లో కాల్డోర్ పేరు పెట్టాడు, 1938లో ఎజెకీల్ వివరంగా రాశాడు. ఈ పంటకి ధర బాగుందని అందరూ వేస్తారు, పట్టేసరికి ధర కూలుతుంది. దెబ్బకి అందరూ మానేస్తారు, ధర లేస్తుంది. మళ్ళీ మొదలు. బాబాయి ఇది చదవకుండానే కనిపెట్టి ఒకడుగు ముందుకేశాడు: ‘ధర లేదు, అందరూ మానేస్తారు, మనం వేద్దాం.’ చిక్కేమిటంటే ఆ చుట్టుపక్కల ప్రతివాడూ ఆ అడుగే వేశాడు. రైలుగేటు దగ్గర టీకొట్లో ‘ఈసారి వెయ్యట్లేదండి, ఆయ్’ అని ఒకరికొకరు ఒట్టు పెట్టుకుని, ఇంటికెళ్ళి హేచరీకి ఫోన్ చేసి సీడ్ చెప్పుకుంటారు. 1838లో కూర్నో అనే ఫ్రెంచాయన ఇద్దరు నీళ్ళ వర్తకుల్ని పెట్టి పోటీ లెక్క కట్టాడు. పక్కవాడు ఎంత సరుకు తీస్తాడో తెలుసనుకునే లెక్క అది. ఆయనెప్పుడూ మా టీకొట్లో కూర్చోలేదు.

బాహ్యతల అధ్యాయంలో వేరియన్ ఒక ఉక్కు ఫ్యాక్టరీని పెట్టి, దాని మురికి వల్ల దిగువన చేపలవాళ్ళు నష్టపోయినట్టు చూపిస్తారు. చేపలవాడు అందులో ఎప్పుడూ బాధితుడే. కొల్లేట్లో రెండు వేషాలూ వాడివే. ఎగువనుంచి బుడమేరు, తమ్మిలేరు ఊళ్ళ మురికి తెస్తాయి. చెరువుల నీళ్ళు మళ్ళీ ఆ కొల్లేట్లోకే వదులుతారు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ ఊసెత్తితే బాబాయి ఇప్పటికీ టీ సగంలో వదిలేసి లేచిపోతాడు కాబట్టి నేనూ ఇక్కడితో ఆపుతాను.

2025 ఆగస్టు ఆఖర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు బాబాయి ఫోన్ చేశాడు.

‘‘ఏరా, ఆ పన్ను కట్టేది అక్కడివాడేనా?’’

‘‘అక్కడ దిగుమతి చేసుకునేవాడే, బాబాయ్.’’

‘‘మరి ఇక్కడ నా రొయ్య కౌంటు ధర ఎందుకు కోశారు?’’

పన్ను ఎవరి పేరున ఉన్నా, తప్పుకునే దారి లేనివాడి నెత్తినే ఎక్కువ పడుతుందని చెప్పాను. అమెరికావాడు ఈక్వెడార్ రొయ్య కొనుక్కోగలడు, పట్టుబడికొచ్చిన రొయ్యని పట్టుకుని నువ్వెక్కడికి పోతావు, దీన్ని వ్యాకోచత్వం అంటారు అన్నాను. కాసేపు అటునుంచి చప్పుడు లేదు.

‘‘అంటే, విస్తరి ముందు మీ బావ.’’

‘‘అదే.’’

‘‘ఆ ముక్క ముందే చెప్పచ్చుగా. సరేగానీ, ఈ దెబ్బతో వచ్చే పంటకి ఎవరూ వెయ్యరంటున్నారు. సీడ్ చెప్పేశాను.’’