కూర్చున్న చోటు కదలకుండా

సోఫాలో నేను కూర్చునే చోట గుంట పడింది. అది సోఫా దోషమని నేను, మనిషి దోషమని మా ఆవిడ. అసలు దోషులు షికాగోలో ఉన్నారని ఆమెకి చెప్పి చూశాను. నమ్మలేదు.

1950లో అక్కడి జెనిత్ కంపెనీ టీవీకి రిమోట్ తయారు చేసింది. పేరు ‘లేజీ బోన్స్’. నాలాంటి వాణ్ని చూసే పెట్టి ఉంటారు. దాన్నుంచి టీవీ దాకా ఓ పొడుగాటి వైరు. జనం దానికి కాలు తట్టుకుని పడేవారట. ఆ కంపెనీ అధిపతి మెక్‌డొనాల్డ్‌కి ప్రకటనలంటే ఒళ్ళు మంట. వాటి నోరు మూయించే యంత్రం కావాలన్నాడు. 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు వైరు పీకేసి, పిస్తోలు ఆకారంలో ఒక లైటు చేసిచ్చాడు. టీవీ నాలుగు మూలల్లో ఏ మూల మీద వెలుగు పడితే ఆ పని జరిగేది. తీరా చూస్తే, కిటికీలోంచి ఎండ పడినా ఛానెల్ మారిపోయేది.

మరుసటి ఏడాది అదే కంపెనీలోని రాబర్ట్ ఆడ్లర్ వెలుగుని వదిలి ధ్వనిని పట్టుకున్నాడు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొట్టేది. మన చెవికందని ఆ మోత టీవీకి వినపడేది. దానికి బ్యాటరీ లేదు! బ్యాటరీ అయిపోతే జనం టీవీయే చెడిపోయిందనుకుంటారని కంపెనీ వాళ్ళ బెంగ. మహానుభావులు, మా ఇల్లు చూడకుండానే కనిపెట్టారు.

మా రిమోట్‌కి వెనక మూత ఎప్పుడో పోయింది, రబ్బరు బ్యాండే దిక్కు. పని చెయ్యకపోతే ముందు అరచేతి మీద రెండు దెబ్బలు. తర్వాత సెల్స్ తీసి అటుదిటు, ఇటుదటు. అప్పటికీ మొరాయిస్తే ఫోన్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కుతాను. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తెర మీద ఊదారంగులో మిణుకుమంటే ప్రాణం ఉన్నట్టు.

“ఏవండీ, టీవీకే బటన్ ఉంది కదా, లేచి నొక్కచ్చుగా!” అంటుంది వంటింట్లోంచి.

లేవడమా! దూరదర్శన్ రోజుల్లో మా నాన్నగారి రిమోట్‌ని నేనే. “ఒరేయ్, సౌండు తగ్గించు” అంటే చాలు, ఏ సెల్సూ లేకుండా పరిగెత్తేవాణ్ని. నా జీవితకాలపు కోటా అప్పుడే అయిపోయింది. మా అబ్బాయిని పిలుద్దామంటే వాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మన సిగ్నల్ అందదు.

అందుకే శీతాకాలంలో ఖాళీగా పడున్న ఏసీ రిమోట్‌లోంచి రెండు సెల్స్ అరువు తీసుకున్నాను. తిరిగి పెట్టేద్దామనే అనుకున్నాను కానీ, ఏసీ రిమోట్ బెడ్‌రూమ్‌లో ఉంటుంది, నేను హాల్లో ఉంటాను. ఇంతలో రోహిణీ కార్తె వచ్చిపడింది.

“ఇందులో సెల్స్ ఏవీ?” అని మా ఆవిడ చెమటలు కక్కుతూ వచ్చి నిలబడింది.

నేను టీవీ సౌండు ఇంకో రెండు గీతలు పెంచాను.