నా వెనక షాక్‌లు

నేను యమహా ఆర్‌ఎక్స్ 100 బండిని. మా మోడల్ 1985లో మొదలై 1996లో ఆగింది. 98 సీసీ ఇంజిన్, 11 గుర్రాల శక్తి. నా పికప్‌ను పొగిడేవాళ్లు ఊరూరా ఉన్నారు. నా చక్రాన్ని నేల విడవకుండా పట్టి ఉంచిన షాక్ అబ్జార్బర్ల ఊసు మాత్రం నేనే ఎత్తాలి.

భావనపాడులో నాది చేపల మోత. పడవలు ఒడ్డు చేరగానే ఐసు డబ్బాలతో నౌపడ మీదుగా టెక్కలికి పరుగు. ఆ బరువుకు నా యజమాని గట్టి స్ప్రింగుల షాక్‌లు వేయించాడు. ఆ పనికి అవే సరైనవి. వాటిని తినేసింది ఉప్పుగాలి. కడ్డీ మీద క్రోమియం పూత లేచి తుప్పు చుక్కలు పడ్డాయి. ఆ గరుకుకు ఆయిల్ సీలు తెగి, ఆయిల్ కారిపోయింది. స్ప్రింగు బరువు మోస్తుందే కానీ ఊపు ఆపలేదు. పిస్టన్ సన్నని రంధ్రాల గుండా ఆయిల్‌ను నెట్టినప్పుడే ఆ ఊపు వేడిగా మారి అణుగుతుంది. ఆయిల్ పోయాక గుంట దాటినా ఎగురుతూనే ఉండేదాన్ని. చక్రం గాల్లో ఉంటే బ్రేకు వేసి లాభమేముంది?

ఇప్పుడు చేపలు వ్యాన్లలో వెళ్తున్నాయి. యజమాని కొడుకు నన్ను మళ్లీ బాగుచేయిస్తూ, గ్యాస్ డబ్బా ఉన్న పొడుగాటి ఎర్ర షాక్‌లు అడిగాడు.

"సూడ్డానికి బాగుంటాయి బావూ. నీ బరువెంత? ఎనకాల ఎవులెక్కుతారు? ముందు అది సెప్పు" అన్నాడు మెకానిక్.

పాతవాటి బోల్టు కన్ను నుంచి కన్నుకు కొలత తీశాడు. అంతకంటే పొడుగువి వేస్తే వెనక లేచి ముందు ఫోర్కు నిటారవుతుంది, వేగంలో హ్యాండిల్ నిలకడ తగ్గుతుంది. మోత స్ప్రింగులు ఉంచితే ఒంటరిగా నడిపేవాడి నడుము విరుగుతుంది.

చివరికి అసలు కొలతవే, మధ్యరకం స్ప్రింగులతో, కొత్త బుష్‌లతో జతగా వేశారు. కారుతున్నది ఒకటే అయినా రెండూ మార్చాలి. ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది అయితే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది.

తీరంలో బండి నడిపేవాళ్లారా, ఇంటికి రాగానే ఆ కడ్డీలను మంచినీళ్లతో కడిగి తుడవండి. కడ్డీ చుట్టూ ఆయిల్ తడి కనబడితే వాయిదా వేయకండి.