చిన్నదే కదా అని

రెండు సంఖ్యల్లో చిన్నదాన్ని తీసుకుంటే ఏ ప్రమాదమూ ఉండదని నా గట్టి నమ్మకం. బఫర్ ఎంతుందో చూడు, అడిగింది ఎంతో చూడు, రెంటిలో తక్కువైనంత ఇవ్వు. ఇన్నేళ్లుగా కంప్యూటర్ డ్రైవర్లు రాసే ఉద్యోగం ఆ ధీమాతోనే గడిచిపోయింది. ఎదుటివాళ్ల కోడ్‌లో ‘మిన్’ అని కనిపిస్తే చాలు, రాసినవాడు జాగ్రత్తపరుడని లోలోపల మెచ్చుకుని కిందికి జరిగిపోయేవాణ్ని. అంటే ఆ లైను చదివేవాణ్నే కాదన్నమాట.

మా మేనల్లుడు శిబ్‌పూర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నన్ను కోరమాండల్ ఎక్కించడానికి షాలిమార్ స్టేషన్‌కి వచ్చాడు. (2022లో ఆ బండిని హౌరా నుంచి ఇక్కడికి మార్చారు. సామాన్లతో వచ్చే మనవాళ్లు ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు. వాడికి మాత్రం హాస్టల్ దగ్గర.) బండికి ఇంకా టైముందని వాడు లాప్‌టాప్ తెరిచాడు. “మావయ్యా, ఇది మీ దగ్గరికి రివ్యూకి వస్తే ఏమంటారు?” అన్నాడు.

లైనక్స్ కెర్నల్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915కి 2024 ఆగస్టులో చేసిన సవరణ అది. గ్రాఫిక్స్ మెమరీని సీపీయూ నేరుగా అందుకునే అపర్చర్ చాలా ఇంటెల్ చిప్‌లలో 256 మెగాబైట్లే. పెద్ద బఫర్ అందులో పట్టకపోతే డ్రైవర్ దాన్లో ఒక ముక్కనే తెచ్చి, ప్రోగ్రాము మ్యాప్ చేసుకున్న చిరునామాల మధ్య దాని చోట దాన్ని పెడుతుంది. ఎంత మేర పెట్టాలి? పాత కోడ్ ముక్క సైజునీ, ప్రోగ్రాము మ్యాప్ చేసుకున్న మొత్తం సైజునీ పోల్చి చిన్నది తీసుకుంటోంది. కొత్త ప్యాచ్ ఆ ఒక్క లైను తీసేసి, మొదలూ చివరా విడివిడిగా లెక్కగట్టే ఫంక్షన్ పెట్టింది.

“పాతదే బాగుందిరా,” అన్నాను. “చిన్నది తీసుకున్నాక ఇంకేం కావాలి? ఒక లైను పనికి ఇంత పొడుగు ఫంక్షనా? నేనైతే వెనక్కి పంపేవాణ్ని.” అంతటితో ఊరుకోలేదు. ఈ కాలం పిల్లలు సింపుల్‌గా ఉన్నదాన్ని ఎలా పాడు చేస్తారో ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. పక్క బెంచీ మీది బెంగాలీ పెద్దాయన అర్థం కాకపోయినా తలూపాడు. నాకు ఇంకాస్త ఊపొచ్చింది.

వాడు వాదించలేదు. ప్లాట్‌ఫారం వైపు చెయ్యి చూపించాడు.

“మావయ్యా, ప్లాట్‌ఫారం ఇరవై నాలుగు బోగీల పొడవు అనుకోండి. బండికి ఇరవై బోగీలు. రెంటిలో చిన్నది ఇరవై. సరిపోతుంది కదా?”

“బేషుగ్గా.”

“ఆ బండి ప్లాట్‌ఫారం మొదట్లో కాకుండా పది బోగీలంత ముందుకెళ్లి ఆగితే?”

ఆరు బోగీల జనం కంకరరాళ్ల మీదికి దిగాలి. కోడ్‌లో జరిగిందీ అదే. ముక్కను మొదటి నుంచి కొంత ఆఫ్‌సెట్ దూరంలో పెడుతున్నారు, పొడవు లెక్కలో మాత్రం ఆ ఆఫ్‌సెట్‌ని తీసెయ్యలేదు. ప్రోగ్రాముకి ఇచ్చిన హద్దు దాటి పేజీ టేబుల్‌లో ఎంట్రీలు పడిపోతాయి. హద్దు అవతలి చిరునామాలు ఆ మ్యాపింగ్‌వి కావు. ఇది భద్రతా లోపమని సీవీఈ-2024-42259 అని నంబరు కూడా ఇచ్చారు. పట్టుకున్నది గూగుల్ ప్రాజెక్ట్ జీరోలోని యాన్ హార్న్. 2018లో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్‌లను కనిపెట్టినవాళ్లలో ఒకడు. ఆ లైను 2016 నుంచీ అక్కడే ఉంది. ఎంతమంది నాలాగే దాన్ని మెచ్చుకుని కిందికి జరిగిపోయారో!

అక్కడ నోరు మూసుకున్నా పరువు మిగిలేది. “నిన్ను పరీక్షిద్దామని అలా అన్నానురా,” అన్నాను. వాడు “అవును మావయ్యా,” అన్నాడు. ఆ ‘అవును’లో ఉన్న మర్యాద నన్ను ఖరగ్‌పూర్ దాకా పొడుస్తూనే ఉంది.

బాలాసోర్ దాటాక ఇంకో సంగతి గుర్తొచ్చి చెమటలు పట్టాయి. ఒక చిన్న డిస్‌ప్లే బోర్డుకి నేను రాసిన డ్రైవర్‌లో మ్యాపింగ్ ఫంక్షన్ నా సొంతం కాదు. పెద్దవాళ్లు రాసింది తప్పుంటుందా అని ఐ915 చూసి దించుకున్నాను. బెర్త్ మీద పడుకునే సోర్స్ తెరిచి వెతికితే ఉంది, అదే మిన్, అదే ఆఫ్‌సెట్, మక్కీకి మక్కీ. ఇందాక షాలిమార్‌లో నేను వెనకేసుకొచ్చింది ఇంటెల్ వాళ్ల కోడ్‌ని కాదు, నా కోడ్‌ని.

సిగ్గు విడిచి వాడికే ఫోన్ చేశాను. నేను విజయవాడ చేరేలోగా ప్యాచ్ పంపాడు. కింద, ఆనవాయితీ ప్రకారం, ‘ఫిక్సెస్’ అనే లైనులో ఆ లోపం తెచ్చిపెట్టిన పాత కమిట్ శీర్షిక ఇచ్చాడు. అది నేను పెట్టిన శీర్షికే: ‘మ్యాపింగ్‌ని మరింత సురక్షితం చెయ్యడం.’